పాత 19 ఇంచ్ మానిటర్ తీసేసి 27 ఇంచ్‌ది కొంటే పాత వీజీఏ కేబులే సరిపోతుందా?

బొమ్మ వస్తుంది, కొత్త మానిటర్‌కి కూడా వీజీఏ పోర్ట్ ఉంటే. కానీ అది అనలాగ్ సిగ్నల్ కదా, అంత పెద్ద స్క్రీన్ మీద అక్షరాల అంచులు మసకబారినట్టు కనిపిస్తాయి, రోజంతా చదివే పనైతే కళ్ళు లాగేస్తాయి. అందుకే ముందు సీపీయూ వెనక చూడండి, హెచ్‌డీఎంఐ గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ ఉంటే అదే వాడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే కేబుల్ దానికే పెట్టాలి, మదర్‌బోర్డ్ పోర్ట్‌కి పెట్టి స్క్రీన్ నల్లగా ఉందని కంగారు పడేవాళ్ళు చాలామంది.

డీవీఐ అనే పాత రకం పోర్ట్ ఒక్కటే ఉందా? పర్లేదు, డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐకి మామూలు కేబుల్ చాలు, రెండూ డిజిటలే, సౌండ్ మాత్రం సాధారణంగా రాదు. సీపీయూకి వీజీఏ ఒక్కటే ఉండి, కొత్త మానిటర్‌కి అది లేకపోతే మాత్రం కరెంటు తీసుకుని పనిచేసే కన్వర్టర్ కావాలి, ఉత్త కేబుల్‌తో పని జరగదు.

రెజల్యూషన్, అంటే స్క్రీన్ మీద అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలున్నాయన్న సంగతి కూడా చూసుకోండి, 27 ఇంచ్‌లో 1920 బై 1080 తీసుకుంటే దగ్గర్నుంచి చుక్కలు తెలుస్తాయి, నన్నడిగితే 2560 బై 1440 తీసుకోండి. 4కే (3840 బై 2160) అయితే హెచ్‌డీఎంఐ 1.4 పోర్ట్ 30 హెర్ట్జ్ దగ్గరే, అంటే సెకనుకు 30 సార్లు బొమ్మ మార్చడం దగ్గరే ఆగిపోతుంది, మౌస్ కదిపితే బాణం గుర్తు తడబడుతూ వెళ్తుంది, 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 లేదా డిస్‌ప్లేపోర్ట్ 1.2 ఉండాలి.