టెక్ సందేహాలు: నమూనా పెట్టకపోయినా పొటాషియం పీక్ ఎందుకు వస్తోంది?

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో సీరియం కలిపిన ల్యాంథనం బ్రోమైడ్ గామా డిటెక్టర్ ఉంది. మట్టిలో పొటాషియం-40 (సహజంగా ఉండే రేడియోధార్మిక పొటాషియం) కొలుద్దామంటే, నమూనా లేకుండానే 1460 కెఇవి (గామా కిరణాల శక్తికి కొలమానం) ప్రాంతంలో పెద్ద పీక్ (గ్రాఫ్‌లో శిఖరం) వస్తోంది. సాఫ్ట్‌వేర్ దాన్ని పొటాషియం అంటోంది. డిటెక్టర్ పాడైందా?

జవాబు: పాడవలేదు. ఆ పీక్‌లో చాలా భాగం గామాలను పసిగట్టే ల్యాంథనం బ్రోమైడ్ స్ఫటికం లోపలిదే. సహజ ల్యాంథనంలో 0.09 శాతం ల్యాంథనం-138 ఉంటుంది. అది రేడియోధార్మికం, ఎంత శుద్ధి చేసినా పోదు. ఘన సెంటీమీటరుకు సెకనుకు సుమారు ఒకటిన్నర విఘటనలు (పరమాణువు విచ్ఛిన్నమై కిరణాలు వెలువడటం) జరుగుతాయి. ఒకటిన్నర అంగుళాల వ్యాసం, అంతే పొడవున్న స్ఫటికంలో అవి 65 దాకా ఉంటాయి.

వాటిలో మూడింట రెండొంతులు 1436 కెఇవి గామాను ఇస్తాయి. అప్పుడు ల్యాంథనం బేరియంగా మారుతుంది; వెంటే పుట్టే బేరియం ఎక్స్-కిరణాల శక్తి కూడా అదే స్ఫటికంలో పడి, పీక్ 1470 దగ్గరికి జరుగుతుంది. పొటాషియం గామా 1461. ఆ శక్తి దగ్గర ఈ డిటెక్టర్ పీక్ వెడల్పు దాదాపు 30 కెఇవి కాబట్టి రెండూ కలిసిపోతాయి. సాఫ్ట్‌వేర్ శక్తిని మాత్రమే చూసి పేరు పెడుతుంది.

సీసం కవచంలో పెట్టి చూడండి. గోడల నుంచి వచ్చే పొటాషియం వాటా తగ్గుతుంది, మిగిలినది ల్యాంథనానిదే. ఆ పీక్‌ను 1461 అనుకుని క్యాలిబ్రేషన్ మాత్రం చేయకండి, స్కేలే తప్పుతుంది. సీజియం-137 (662), కోబాల్ట్-60 (1173, 1332) వాడండి. తర్వాత అదే కవచంలో ఖాళీ డబ్బాతో రాత్రంతా లెక్కించి, లైవ్ టైమ్ (డిటెక్టర్ నిజంగా లెక్కించిన సమయం) సరిచేసి, నమూనా స్పెక్ట్రమ్‌లోంచి (శక్తివారీ లెక్కల గ్రాఫ్‌లోంచి) తీసేయండి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు: గది వేడెక్కి గెయిన్ (సంకేతాన్ని పెంచే స్థాయి) ఒక శాతం జరిగినా పీక్ 15 కెఇవి కదులుతుంది, తీసివేతలో దొంగ పీక్ మిగులుతుంది. రెండు స్పెక్ట్రమ్‌లలో ల్యాంథనం పీక్ ఒకే ఛానెల్‌లో (గ్రాఫ్‌లో శక్తి గడిలో) ఉందో లేదో ముందు సరిచూసుకోండి.

అర కిలో పొటాషియం క్లోరైడ్‌ అయితే సెకనుకు 850కి పైగా గామాలు ఇస్తుంది, ఇబ్బంది లేదు. మామూలు మట్టిలో కిలోకు కొన్ని పదులే. మీ పని మట్టే కాబట్టి ల్యాంథనం లేని సీరియం బ్రోమైడ్ డిటెక్టర్ మేలు. దాని రిజల్యూషన్ (శక్తితో పోలిస్తే పీక్ వెడల్పు; తక్కువైతే మేలు) 662 దగ్గర 4 శాతం, మీ దానిది 3. ఆ కొంచెం నష్టానికి ల్యాంథనం బెడద తప్పుతుంది.

ప్రశ్న: అల్యూమినియం తొడుగు విప్పి స్ఫటికం శుభ్రం చేయవచ్చా?

జవాబు: వద్దే వద్దు. గాలిలోని తేమను పీల్చి స్ఫటికం పాడైపోతుంది. ఏసీ గదిలోంచి ఎండలోకి ఒక్కసారిగా కూడా తీసుకెళ్లకండి. వేడికి ఈ స్ఫటికం అన్ని దిశల్లో సమానంగా వ్యాకోచించదు, పగుళ్లు వస్తాయి. థర్మోకోల్ పెట్టెలో ఉంచి మెల్లగా అలవాటు పడనివ్వండి.