అద్దె ఇంటి ముందు తోట: డబ్బు పెట్టే ముందు

అమెరికాలో మొదటి ఇల్లు కొన్నాక ఉద్యోగం వేరే ఊరికి మారితే, మనవాళ్లు చాలామంది ఆ ఇంటిని అద్దెకిస్తారు. అప్పుడు నన్ను అడిగేది ఇదే: "అన్నా, లాన్, మొక్కలు బాగు చేయిస్తే అద్దె పెరుగుతుందా?"

అద్దె పెద్దగా పెరగదమ్మా. ఆ వీధిలో అలాంటి ఇళ్లకు ఎంత నడుస్తోందో అంతకే పోతుంది. ఇల్లు తొందరగా అద్దెకు వెళ్లడమే అసలు లాభం. ఒక్క నెల ఖాళీగా ఉంటే ఏడాది అద్దెలో పన్నెండో వంతు పోయినట్టే, మార్ట్‌గేజ్ (ఇంటి లోన్ కిస్తీ) మాత్రం కట్టాల్సిందే.

నేను మొదటిసారి గులాబీలు, కొత్త గడ్డి వేయించాను. నీళ్లు ఎవరు పెట్టాలో లీజులో రాయలేదు. నీటి బిల్లు అద్దెకున్నవాళ్లదే, వాళ్లెందుకు పెడతారు? ఆగస్టులో వెళ్తే గడ్డంతా మాడిపోయి ఉంది. గులాబీ కొమ్మ పట్టుకుంటే పుల్లలా విరిగింది. చాలా బాధేసింది, కానీ తప్పు నాదే.

అందుకే ముందు పూల సంగతి పక్కన పెట్టండి. వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. నీళ్లు గోడ వైపు వస్తుంటే మొదటి ఖర్చు అక్కడే పెట్టాలి. గోడ దగ్గర నుంచి 10 అడుగుల లోపు నేల కనీసం 6 అంగుళాలు వాలి ఉండాలని అక్కడ చాలాచోట్ల బిల్డింగ్ కోడ్ (ఇళ్లు కట్టే నియమాలు) చెబుతుంది. పునాదిలోకి నీరు దిగితే వచ్చే ఖర్చు ముందు ఏ తోట ఖర్చూ లెక్కలోది కాదు. మల్చ్ (మొక్కల చుట్టూ నేల మీద పరిచే చెక్క పొట్టు) కూడా 2, 3 అంగుళాలు చాలు. సైడింగ్‌కు, అంటే గోడ బయట బిగించిన పలకలకు, ఆనించి కుప్పగా పోస్తే తేమ పట్టి చెదలు చేరతాయి.

ఆ తర్వాత, ఆ ప్రాంతపు ఎండకూ చలికీ తట్టుకునే పొదలు నాలుగు పెట్టించండి. హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే ముందే అనుమతి తీసుకోండి.

పన్ను సంగతి: గడ్డి కోయించిన ఖర్చు ఆ ఏడాదే అద్దె ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. కంచె, నడకదారి లాంటివాటికి 15 ఏళ్ల డిప్రిసియేషన్ (ఖర్చును ఏళ్ల మీద కొంత కొంతగా తీసేసుకోవడం), ఇంటికైతే 27.5 ఏళ్లు. ఇంటికి దూరంగా నాటిన మొక్కలు మాత్రం నేల కిందే లెక్క, వాటికి డిప్రిసియేషన్ రాదు. బిల్లులు విడివిడిగా రాయించుకోండి.

తాళాలు ఇచ్చే రోజు అద్దెవాళ్లతో కలిసి పెరడంతా తిరిగి ఫోటోలు తీయండి. నీళ్లు, గడ్డి ఎవరి పనో లీజులో ఒక లైను రాసి సంతకం చేయించండి.