వెనక ప్యాడ్లు మార్చాక హ్యాండ్‌బ్రేక్ లూజైంది, కేబుల్ బిగించమంటున్నారు. బిగించనా?

ప్రశ్న అడిగినాయన కారుకి వెనక చక్రాలకీ డిస్కులేనట. ప్యాడ్లు మార్పించిన దగ్గర్నుంచీ లివర్ నెత్తికెక్కేదాకా లాగితే గానీ బండి ఆగట్లేదట. డిస్క్ బ్రేక్ తనంతట తానే సర్దుకుంటుందంటారు కదా, మళ్ళీ ఈ కేబుల్ బిగింపేంటి అని సందేహం.

బిగించకండి. ముందు కాలిపర్ సంగతి చూడండి, అంటే ప్యాడ్లని డిస్కు మీద నొక్కే దిమ్మ.

నాది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు. పానా పట్టే పని నాది కాదు. కానీ పాడైన ప్రతి సామానూ నా కౌంటర్ మీదకే వస్తుంది, దాన్ని చూస్తే ఎవడు ఎలా పాడు చేశాడో తెలిసిపోతుంది. ఆ ధైర్యంతో చెబుతున్నా.

ముందు చక్రాల డిస్క్‌లో సర్దుబాటు పనంతా ఒక్క రబ్బరు రింగుది. కాలిపర్‌లో బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి ప్యాడ్‌ని తోసే పిస్టన్ చుట్టూ పలకల అంచుతో ఉంటుంది. పెడల్ తొక్కితే పిస్టన్ ముందుకు జరుగుతుంది, రింగు దాన్ని పట్టుకుని కాస్త ఒరుగుతుంది. కాలు తీయగానే రింగు నిటారుగా అయి పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది, అదీ అర మిల్లీమీటరు కూడా కాదు. ప్యాడ్ అరిగితే పిస్టన్ రింగులోంచి జారి ఇంకాస్త ముందు నిలబడుతుంది. స్ప్రింగు లేదు, స్క్రూ లేదు. ఇంత చవకైన వస్తువు ఇంత పెద్ద పని చేయడం బండి మొత్తంలో ఇంకెక్కడా చూడలేదు నేను.

వెనక డిస్క్‌కి వచ్చేసరికి ఈ సుఖం లేదు. హ్యాండ్‌బ్రేక్ లాగేది వైరు, దానికి ఆయిల్‌తో పనిలేదు. అందుకే పిస్టన్ లోపలే ఒక మరల కడ్డీ, దానిమీద నట్టు పెట్టారు. మరల మధ్య కావాలనే కొంచెం ఆట ఉంచుతారు. ప్యాడ్ అరిగి పిస్టన్ ఆ ఆట దాటి ముందుకెళ్తే నట్టు తిరిగి కొత్త చోట కూర్చుంటుంది. చాలా కార్లలో ఈ సర్దుబాటు జరిగేది కాలి బ్రేకు తొక్కినప్పుడే. చేతిలో లివర్ ఎంత లాగినా జరగదు.

ఇక ప్యాడ్లు మార్చేటప్పుడు ముందు చక్రాల పిస్టన్‌ని క్లాంపు పెట్టి నొక్కితే పోతుంది. వెనకదాన్ని తిప్పుతూ లోపలికి పంపాలి. పిస్టన్ ముఖం మీద గాట్లుంటాయి చూడండి, అవి టూల్ పట్టుకోవడానికే. నొక్కితే పోవట్లేదని ఇంకా గట్టిగా నొక్కారా, లోపలి మరలు హరీ.

మా బావమరిదిది గుంటూరు. ఒక ఆదివారం పిల్లలతో అమ్మవారి దర్శనానికి వచ్చాడు. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద కార్లు ఆగిపోతే హ్యాండ్‌బ్రేక్ లాగి కాలు తీశాడట, కారు వెనక్కి జారింది. వెనకాయన హారన్ కొట్టబట్టి సరిపోయింది. దర్శనం చేసుకుని సరాసరి నా కొట్టుకొచ్చి "బావా, కేబుల్ బిగించిన కొద్దీ లూజవుతోంది, కొత్తదివ్వు" అన్నాడు. కేబుల్ అమ్మితే నాకే లాభం. అయినా ఇవ్వకుండా కారు పక్క షెడ్డులో లిఫ్టు ఎక్కించా.

కుడి వెనక డిస్కు అంచున నీలం తిరిగింది, అంటే నడుస్తున్నంతసేపూ ప్యాడ్ రాసుకుంటోందన్నమాట. కాలిపర్ మీద కేబుల్ లాగే చేయి ఉంటుంది, హ్యాండ్‌బ్రేక్ వదిలితే అది తన స్టాపు మీద, అంటే ఆనుకునే చోట, కూర్చోవాలి. కూర్చోలేదు, సందులో స్క్రూడ్రైవర్ పట్టేంత ఖాళీ. ఎడమవైపు ఇంకో వింత. హ్యాండ్‌బ్రేక్ లాగితే చేయి చివరిదాకా వెళ్ళిపోతోంది, చక్రం మాత్రం చేత్తో తిప్పితే తిరుగుతోంది. అదే కాలి బ్రేకు తొక్కితే బిగుసుకుపోయింది. ఆయిల్ పని చేస్తోంది, లోపలి మర చచ్చింది. కాలిపర్ ఊడదీస్తే పిస్టన్ ముఖం మీద క్లాంపు కొరికిన గీత, చినిగిన డస్ట్ కవరు. గాట్లలో టూల్ పెట్టిన జాడే లేదు. మేస్త్రి టూల్ పెట్టి తిప్పితే పిస్టన్ లోపలికి పోకుండా ఉన్నచోటే గిర్రున తిరిగింది.

ఎడమది పట్టట్లేదని కేబుల్ బిగించారు, ఆ బిగింపుకి బాగున్న కుడిది సగం పట్టేసి కాలిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. పైగా కేబుల్ బిగుతుగా ఉండి చేయి స్టాపు మీదకి రాకపోతే లోపలి సర్దుబాటు పనే చేయదు. చివరికి ఎడమవైపు కాలిపరే మార్చాల్సొచ్చింది.

ఇంకో మాట, అడగకపోయినా చెబుతా. ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్ వెనక ఖాళీలోకి ఆయిల్ వెళ్తుంది, డబ్బాలో మట్టం తగ్గుతుంది. లీకు లేకపోతే గీత కిందకి పోనంతవరకూ కంగారు అక్కర్లేదు. కానీ సర్వీసుకెళ్ళిన ప్రతిసారీ నిండా పోస్తారు. కొత్త ప్యాడ్లకి పిస్టన్ వెనక్కి తోయగానే అదంతా పొంగి పెయింటు ఊడగొడుతుంది. పైగా మూత తీసిన టిన్నులోంచి లూజుగా కొనుక్కుపోతారు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ సీలు తీయనిది 230 డిగ్రీల దాకా మరగదు, గాల్లో తేమ తాగాక 155కే మరిగే స్థితికి వస్తుంది. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళో తేమకి కొదవా!

పెద్ద బండ్లదీ ఇదే గోల. లారీ కిందకి దూరి స్లాక్ అడ్జస్టర్, అంటే డ్రమ్ము బ్రేకు ఖాళీని సర్దే చేయి, తిప్పే అలవాటున్న చేతులు ఇప్పుడు గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ డిస్క్ ఉన్న బస్సుల మీద పడ్డాయి. అక్కడ గాలి తోసిన కడ్డీ లోపల లివర్‌ని ఊపుతుంది, అది ప్యాడ్‌ని నొక్కుతుంది, ఆ ఊపులోనే అడ్జస్టర్ తనంతట తాను తిరిగి మిల్లీమీటరుకి అటూ ఇటూ ఖాళీ ఉంచుతుంది. చేత్తో మెల్లగా తిప్పాల్సిన ఆ అడ్జస్టర్ కొసకి ఎయిర్ గన్ పెడితే ఏమవుతుంది? నా దగ్గరకొస్తుంది.

మీ కారుకి చేయించాల్సింది ఇదీ. కేబుల్ పూర్తిగా వదులు చేయించి రెండువైపులా చేయి స్టాపు మీద కూర్చుందో లేదో చూడండి. తర్వాత కాలి బ్రేకు పెడల్ గట్టిపడేదాకా, ఆపైన ఇంకొన్నిసార్లు, నిండా తొక్కి వదలండి. అప్పటికీ పట్టకపోతే కాలిపర్ విప్పించండి. విప్పేముందు పిస్టన్ తిప్పే టూల్ ఉందా అని అడగండి. కొన్ని కార్లకి ఒకవైపు మర ఉల్టాగా తిరుగుతుంది, అది తెలిసినవాడైతే మరీ మంచిది. డిస్కు మధ్యలో చిన్న డ్రమ్ము పెట్టిన కారైతే నేను చెప్పిందేదీ వర్తించదు, అందులో షూలకి వేరే అడ్జస్టర్ ఉంటుంది. స్విచ్చితో పడే హ్యాండ్‌బ్రేక్ అయితే మోటారుని సర్వీస్ మోడ్‌లో, అంటే రిపేరు కోసం వెనక్కి జరిగే స్థితిలో, పెట్టకుండా పిస్టన్ ముట్టుకోనివ్వకండి.