పెన్సిల్ దగ్గర పెట్టుకో

చి. బుజ్జికి,

నీ మెసేజ్ చూశాను. ఫోన్లోనే చెబుదామనుకున్నాను గానీ, నువ్వు "సరే పెద్దమ్మా, సరే" అంటూ సగంలో పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆదివారం పేజీకి కొత్త పుస్తకాల మీద సమీక్షలు రాయమని నిన్ను అడిగారంటే నాకు సంతోషమే. మూడు పుస్తకాలు టేబుల్ మీద ఉన్నాయి, అందులో ఒకటి తెలిసినావిడదే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది అన్నావు. ఆ టెన్షన్ ఉండనీ. అది లేకుండా రాసేసిన సమీక్షలు ఈ ముప్ఫై ఏళ్లలో చాలా చదివాను, నావి కూడా కలిపి.

మొట్టమొదట, ముందుమాట చదవకు. పుస్తకం అంతా అయ్యాక చదువుకో. మన తెలుగు పుస్తకాలకి ఒక ముందుమాట చాలదు కదా. ఇద్దరు పెద్దలు, ఒక స్నేహితుడు, తర్వాత రచయిత 'నా మాట', వెనక అట్ట మీద ఇంకొకరు. కథ మొదలయ్యేసరికి ఇరవయ్యో పేజీ వస్తుంది. ఈలోగా వాళ్ల మాటలు మన బుర్రలో పీట వేసుకుని కూర్చుంటాయి. ఇక కథలో మనకి కనిపించేది వాళ్లు చూపించిందే.

ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. చాలా ఏళ్ల కిందట ఒక కథాసంపుటి మీద రాయాల్సి వచ్చింది. మర్నాటికల్లా ఇవ్వాలి. పద్నాలుగు కథల్లో ఆరు చదివాను, మిగతావాటికి ముందుమాటని నమ్ముకున్నాను. చివరి కథలో తల్లి కొడుకుని క్షమించి ఇంట్లోకి రానిస్తుందని ఆ ముందుమాటలో ఉంది. నేనూ అదే రాశాను, ఇంకో రెండు విశేషణాలు తగిలించి. ఆదివారం అచ్చయింది. సోమవారం పొద్దున్నే రచయిత ఫోన్ చేశాడు. కోపంగా కూడా లేడు. "అమ్మా, ఆ కథలో తల్లి తలుపు తియ్యదండీ. ముందుమాట రాయించుకునేటప్పటికి తీసేది. తర్వాత మార్చాను" అన్నాడు. తలుపు తియ్యకపోవడమే ఆ కథ. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

అప్పట్నుంచి ఒక పెన్సిల్ లేకుండా పుస్తకం తెరవను. పెన్ను వద్దు, పెన్సిలే. ఎక్కడైనా మనసు ఆగితే పక్కన సన్నగా ఒక గీత గీస్తాను. విసుగొచ్చి పేజీలు తిప్పేయాలనిపించిన చోట ఒక చుక్క పెడతాను. వెనకాల ఉండే ఖాళీ పేజీలో ఆ పేజీల నంబర్లు వేసుకుంటాను, పక్కన ఒక్క ముక్క. అంతకంటే నోట్స్ రాయను. పుస్తకం అయ్యేసరికి ఆ ఖాళీ పేజీయే సగం సమీక్ష. నంబర్లు ఏమీ లేకపోయినా అదీ ఒక కబురే.

ఆ నంబర్లతో ఏం చెయ్యాలో ఒకసారి చూపిస్తాను. ఈమధ్య ఒక కుర్రవాడి మొదటి సంపుటి చదివాను. ఒక కథలో తండ్రి పోతాడు. కొడుకు ఆయన పాత ఫోన్‌కి రోజూ రాత్రి చార్జింగ్ పెడుతూ ఉంటాడు. ఎందుకో అతనికీ తెలియదు. ఒకరోజు ఆ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది: మీ ప్లాన్ మూడు రోజుల్లో ముగుస్తుంది, రీచార్జ్ చేసుకోండి. కొడుకు చెప్పులేసుకుని బయల్దేరతాడు. అక్కడ గీత గీశాను. తర్వాతి పేరాలో రచయిత అందుకున్నాడు. ఆ ఫోన్ తండ్రీకొడుకుల బంధానికి ప్రతీక అనీ, మరణం బంధాన్ని తెంపలేదనీ పన్నెండు లైన్లు. అక్కడ చుక్క పెట్టాను.

ఇప్పుడు దీని మీద "హృదయాన్ని కదిలించే కథ, ఆర్ద్రత నిండిన శైలి" అని రాయొచ్చు. అది ఏ కథకైనా సరిపోతుంది, ఆ కుర్రవాడికి ఎందుకూ పనికిరాదు. లేదా, రీచార్జ్ మెసేజ్ దగ్గర కథ అయిపోయింది, ఆ తర్వాతి పన్నెండు లైన్లూ రచయిత పాఠకుణ్ణి నమ్మక రాసినవి, అని రాయొచ్చు. చదివేవాళ్లకి కథ ఎలాంటిదో తెలుస్తుంది. అతనికి రెండో పుస్తకానికి ఏం చెయ్యాలో తెలుస్తుంది. మెచ్చుకోవడం, తప్పు పట్టడం రెండూ ఒకే చోట అయిపోయాయి చూడు. "అయితే కొన్ని లోపాలు లేకపోలేదు" అంటూ చివర్లో ఒక పేరా వేరే పెట్టక్కర్లేదు.

నా దగ్గర ఒక నిషేధాల జాబితా ఉండేది. మట్టి పరిమళం, అక్షరాల్లో అగ్ని, ఆపకుండా చదివిస్తుంది, ప్రతి ఒక్కరూ చదివి తీరాల్సిన పుస్తకం. ఇలాంటి మాట కలం మీదికి వస్తే, నేను ఆ పుస్తకం సరిగ్గా చదవలేదని లెక్క. వెనక్కి వెళ్లి మళ్లీ చదివేదాన్ని. మట్టి పరిమళం మాత్రం ఒకసారి వాడాల్సి వచ్చింది. ఆ కవికి కుండలు చెయ్యడం వృత్తి.

కథలో ఒక చోటు ఎత్తి చూపించి రాయమన్నాను గానీ, ఆ పేజీ చింపి చూపించమనలేదు. ఈ తేడా నీకు తెలియాలి. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ సంగతి వినే ఉంటావు. పిల్లల్లేని భార్యాభర్తల మీద ఆయన నవల 2010లో వచ్చింది. నాలుగేళ్లు ఎవరూ ఏమీ అనలేదు. 2014 చివర్లో అందులో కొన్ని పేజీలు జిరాక్సులు తీసి ఊళ్లో పంచారు. నవల మొత్తం చదివినవాళ్లు ఎంతమందో గానీ, ఆ కాగితాలు చూసి రెచ్చిపోయినవాళ్లు బోలెడుమంది. 2015 జనవరిలో, రచయిత పెరుమాళ్ మురుగన్ చచ్చిపోయాడని ఆయనే ఫేస్‌బుక్‌లో రాసుకోవాల్సి వచ్చింది. 2016 జులైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. పుస్తకం నచ్చకపోతే అవతల పారెయ్యండి, చదవమని బలవంతమేమీ లేదు కదా అంది. ఆయన మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. నువ్వు ఒక వాక్యాన్ని ఎత్తి చూపించేటప్పుడు అది ఎవరి నోట వచ్చింది, ఏ సందర్భంలో వచ్చింది అన్నది కూడా చెప్పు. పాత్ర అన్న మాటని రచయిత మెడకి చుట్టకు.

మాండలికం దగ్గర మరీ జాగ్రత్త. కోస్తాలో పెరిగినదాన్ని కదా, ఒకసారి సీమ నవలలో "రాత్రికి వంక వచ్చింది" అని ఉంటే, 'వాన' బదులు పడిన అచ్చుతప్పనుకున్నాను. సమీక్షలో అచ్చుతప్పుల గురించి ఒక చురక కూడా వేశాను. వంక అంటే వాగు. పుట్టి బుద్ధెరిగాక "వాగులూ వంకలూ" అని కొన్ని వేలసార్లు అని ఉంటాను, ఆ రెండో మాట ఏమిటని ఒక్కసారీ అనుకోలేదు! తెలియని మాట వస్తే ఆ ప్రాంతం వాళ్లని అడుగు. కర్నూలు మాటకి కర్నూలు వాళ్లు, శ్రీకాకుళం మాటకి శ్రీకాకుళం వాళ్లు ఫోన్లో దొరకని రోజులు కావివి. "మాండలికం వల్ల చదవడం కాస్త కష్టం" అని మాత్రం రాయొద్దు. ఎవరికి కష్టం? ఆ ఊరి వాళ్లు మన పుస్తకాల తెలుగు ఇన్నేళ్లూ కిమ్మనకుండా చదివారు.

నీ మూడింట్లో ఒకటి కన్నడం నుంచి ఇంగ్లీషులోకి వచ్చినదన్నావు. అయితే అనువాదకుల పేరు మొదటి పేరాలోనే రాయి. చివర బ్రాకెట్లో పడెయ్యకు. ఇంగ్లీషు అనువాదాలకిచ్చే ఇంటర్నేషనల్ బుకర్ 2025లో వచ్చిన కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ కథలే తీసుకో. ఆమె 1990 నుంచి 2023 దాకా రాసినవాటిలోంచి పన్నెండు ఏరింది దీపా భాస్తి. అంటే ఆ పుస్తకానికి ఆ ఆకారం ఇచ్చింది అనువాదకురాలే. బహుమతి 50 వేల పౌండ్లు ఇద్దరికీ చెరిసగం ఇచ్చారు. 2022లో గీతాంజలి శ్రీ హిందీ నవలకి వచ్చినప్పుడూ డైజీ రాక్‌వెల్‌కి సగం వెళ్లింది. డబ్బులోనే సగం ఇస్తుంటే మనం ఒక వాక్యం ఇవ్వలేమా. ఇంకోటి, ఇంగ్లీషులో చదివి "కన్నడ నుడికారం అద్భుతం" అని రాయకు. ఆ కథల్లో నువ్వు చదివేది దీపా ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు ఎలా నడిచిందో రాయి, ఏ మాటని కన్నడంలాగే వదిలేసిందో రాయి. నాకైతే ఒకటే బాధ. బాను ముష్తాక్ ఊరు, కర్ణాటకలోని హాసన్, మనకి ఎంత దూరం? అక్కడి కథలు లండన్‌లో బహుమతి కొట్టాక గానీ మనలో చాలామందిమి ఆవిడ పేరు వినలేదు.

బహుమతుల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. నవలలకిచ్చే జేసీబీ ప్రైజ్ అని 25 లక్షలది ఉండేది (అవును, మట్టి తవ్వే ఆ పసుపు బండి వాళ్లదే). 2018 నుంచి 2024 దాకా ఏడుసార్లు ఇస్తే ఐదుసార్లు అనువాదాలకే వచ్చింది. మూడు మలయాళం, ఒకటి ఉర్దూ, ఒకటి తమిళం. తెలుగు లేదు. మనవాళ్లు రాయలేకనా, ఇంగ్లీషులోకి తీసుకెళ్లేవాళ్లు లేకనా అన్నది ఇంకో ఉత్తరమంత సంగతి. కొత్త పేర్లు వెతుక్కోవడానికి ఇలాంటి జాబితాలు చూసుకో, సాహిత్య అకాడెమీ 35 ఏళ్ల లోపు వాళ్లకి ఇచ్చే యువ పురస్కారాల జాబితా కూడా. చదివేటప్పుడు మాత్రం ఆ బహుమతి మర్చిపో.

ఇక నీ అసలు బెంగ, తెలిసినావిడ పుస్తకం. సంతకం పెట్టి మరీ ఇచ్చింది, ఆవిష్కరణ సభకి పిలిచింది, మెసేజ్‌లో "మీ అభిప్రాయం కోసం ఎదురుచూస్తూ ఉంటాను" అంది. మన దగ్గర చదివేవాళ్లూ రాసేవాళ్లూ కలిపి ఒక పెళ్లి పందిట్లో పట్టేంత మంది. అందరికీ అందరూ తెలుసు. కాబట్టి మొహమాటం పోదు. నేను చేసింది చెప్తాను. బాగా దగ్గరివాళ్ల పుస్తకమైతే నేను రాయనని సంపాదకుడికి ముందే చెప్పేదాన్ని. పరిచయం మాత్రమే ఉంటే రాసేదాన్ని, ఆ పరిచయం సంగతి సమీక్షలో ఒక ముక్క చెప్పి. పుస్తకం నిజంగా నచ్చకపోతే, అది మొదటి పుస్తకమూ అయితే, రాయకుండా వదిలేసేదాన్ని. వెయ్యి కాపీలు, ఒక్కోసారి ఐదొందలే వేసుకుని, సొంత డబ్బుతో అచ్చేసి ఇంట్లో మంచం కింద కట్టలు పెట్టుకున్న మనిషి మీద నా ప్రతాపం దేనికి? పెద్ద పేరున్నవాళ్ల పుస్తకం బాగోకపోతే మాత్రం ఊరుకోలేదు. అక్కడ ఊరుకుంటే పాఠకుడి డబ్బు నేను కాజేసినట్టే.

గట్టిగా రాయడం ఎలాగో కావాలంటే కడప నుంచి 'సంవేదన' పత్రిక నడిపిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి వ్యాసాలు చదువు. ఆయన వాడి చూస్తే ఇప్పటికీ భయం వేస్తుంది. కానీ వాదనే నేర్చుకో, గొంతు అరువు తెచ్చుకోకు. ఆ గొంతు కోసం ప్రయత్నించి ఆయనలో సగం చదువు కూడా లేకుండా తిట్లు మాత్రం నేర్చుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

చిన్న చిన్నవి కొన్ని. కథ మూడో వంతుకి మించి చెప్పకు. రచయిత పేరు, ఇంటిపేరు, పేజీలు, వెల, ఎక్కడ దొరుకుతుంది అన్నవి పుస్తకం పక్కన పెట్టుకుని రాయి, గుర్తున్నాయనుకుని కాదు. మన పుస్తకాలు అన్ని షాపుల్లోనూ దొరకవు కాబట్టి ఆ ఒక్క లైను కోసమే సమీక్ష చదివేవాళ్లు ఉంటారు. అచ్చుతప్పుల మీద మరీ విరుచుకుపడకు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం, వాటికి అందుకోవాలని ప్రూఫులు అర్ధరాత్రి దిద్దుకున్న పుస్తకాలు ఎక్కువ. రాశాక రెండు రోజులు పక్కన పెట్టి, మూడోరోజు పైకి చదువు. సిగ్గనిపించిన వాక్యం కొట్టేయ్. నాకు సాధారణంగా మొదటి పేరా మొత్తం పోయేది.

ఆవిడ పుస్తకం నేను ఇంకా చదవలేదు, కొనలేదు కూడా. సమీక్ష ఇచ్చేశాక నీ కాపీ పంపించు, చదివి ఇచ్చేస్తాను. గీతలు రబ్బరుతో చెరపకు. నువ్వు ఎక్కడ ఆగావో చూడాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ