గ్రామసభలో ఓటరు మాటకు ఎంతవరకు బలం ఉంటుంది?

పంచాయతీ నిర్ణయాల్లో ఊరివారికి చట్టబద్ధంగా చోటు కల్పించేది గ్రామసభ. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినప్పటి నుంచి, ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. ఎవరి ఆహ్వానమూ అక్కర్లేదు. అయితే సభకు ఏ అధికారాలు ఉండాలో నిర్ణయించే పనిని రాజ్యాంగంలోని 243-ఎ అధికరణం రాష్ట్రాల శాసనసభలకు వదిలేసింది కాబట్టి, చాలాచోట్ల దాని మాట సిఫారసుగానే మిగిలిపోతోంది. తెలంగాణలో 2018 చట్టం రెండు నెలలకొకసారి సభ జరపాలని నిర్దేశించింది.

సభ నిజంగా పనిచేస్తే ఎలా ఉంటుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీలు చూపించాయి. తనిఖీ బృందం ఇంటింటికీ తిరిగి, మస్టర్ రోల్‌లో (కూలీల హాజరు పట్టీలో) ఉన్న పనిదినాలను, కూలీ చేతికి అందిన డబ్బును పోల్చి చూసి, తేడాలను అందరి ముందూ చదివి వినిపించేది. అధికారి సమక్షంలోనే కూలీ లేచి ‘ఆ వారం నేను పనికి వెళ్లలేదు’ అని చెప్పగలగడం, నా దృష్టిలో, ఏ ఫిర్యాదు పెట్టెకన్నా విలువైనది.

ఒడిశాలోని నియమగిరిలో సుప్రీంకోర్టు తీర్పు మేరకు 2013లో సమావేశమైన 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకాలను ఏకగ్రీవంగా తిరస్కరించాయి. ప్రాజెక్టుకు అనుమతి దక్కలేదు.

కాబట్టి మీ ఊరి సభలో నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. మీ అభ్యంతరాన్ని తీర్మానాల పుస్తకంలో రాయించి, దాన్ని చదివించుకున్న తర్వాతే సంతకం చేయండి. నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేసి తీసుకోవచ్చు.