తాబేలు ట్యాంకులో తెల్లని సన్న పురుగులు: మందు చల్లకముందు చూసుకోవలసినవి

మీ రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలు ఒడ్డెక్కి కూర్చునే చెక్క పలక అడుగున, నీటి పైన, కంటికి ఆనీ ఆనని తెల్లని పురుగులు కనిపిస్తున్నాయని, బొద్దింకల స్ప్రే కొట్టవచ్చా అని అడిగారు. దయచేసి కొట్టవద్దు. తాబేలు ఏ నీటిలో ఈదుతుందో ఆ నీటినే తాగుతుంది, అందులోనే తింటుంది కాబట్టి స్ప్రేలోని పైరెథ్రాయిడ్ మందు నేరుగా దాని ఒంట్లోకి చేరుతుంది. చీమల చాక్‌పీసు, కలరా ఉండలు కూడా ట్యాంకు దరిదాపుల్లో ఉండకూడదు.

మల్కాజిగిరిలోని మా ఇంట్లోనూ స్లైడరే ఉంది. వానాకాలంలో ముసురు పట్టి గాలిలో తేమ పెరిగినప్పుడల్లా ఇవే పురుగులు తలెత్తుతుంటాయి. అప్పుడు నేను మొదట చేసే పని, పలకను నల్ల కాగితం మీద దులిపి, తడిపిన కుంచె కొనతో ఒక పురుగును తాకి చూడడం. తాకగానే చటుక్కున ఎగిరి పడితే అది స్ప్రింగ్‌టెయిల్. దాని పొట్ట కింద మడిచిపెట్టుకున్న చీలిక తోక ఒక్కసారిగా విడివడి నేలను తన్నడం వల్ల అలా ఎగురుతుంది. వీటి ఒంటికి నీరు అంటదు కనుక గుంపులుగా చేరినప్పుడు నీటి మీద బూడిద చల్లినట్టు తేలుతాయి. బూజు, కుళ్లిన పదార్థాలు తిని బతికే ఈ జీవులు తాబేలును కుట్టవు, కరవవు. ఎగరకుండా మెల్లగా పాకుతూ, భూతద్దంలో ఎనిమిది కాళ్లు కనిపిస్తే అవి మైట్లు. చెక్క మీద కనిపించే మైట్లలో ఎక్కువ భాగం బూజును, మిగిలిపోయిన మేతను తినేవే. నీటిలో మెలికలు తిరుగుతూ ఈదేవి దోమ పిల్లలైతే వాటి సంగతి తాబేలే చూసుకుంటుంది.

అసలు భయపడవలసింది పురుగు తాబేలు ఒంటినే పట్టుకుని ఉన్నప్పుడు. మెడ మడతలు, కాళ్ల సందులు, తోక మొదలు జాగ్రత్తగా చూడండి. అక్కడ పిడుదు వంటిది కరుచుకుని ఉంటే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి గానీ, సరీసృపాలకు వైద్యం చేసే మరో డాక్టరు దగ్గరకు గానీ తీసుకెళ్లండి. కుక్కలకు, పశువులకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు తాబేళ్లకు విషం. కాళ్లు చచ్చుబడి ప్రాణం పోవచ్చు. ఎవరు సలహా ఇచ్చినా దానిని మాత్రం వాడవద్దు.

పురుగులు పలకను పట్టడానికి కారణం తడి, మిగిలిన మేత. ఈ రెండూ తగ్గితే అవీ తగ్గుతాయి. మేతను ట్యాంకులో వేయకుండా, వేరే టబ్బులో నీరు పోసి అందులో పెట్టి, పావుగంట తరువాత తాబేలును తిరిగి ట్యాంకులోకి మార్చండి. చెక్క పలకను మరిగే నీటిలో ఉంచి తీసి ఎండలో ఆరబెట్టాలి గానీ, జూలై, ఆగస్టు నెలల్లో మన ఊళ్లో డాబా మీద అంత ఎండ దొరకడం కష్టం. అందుకే నేను చెక్కను తీసేసి, బాత్రూము నేలకు వేసే గరుకు టైలు ముక్కను అమర్చుకున్నాను. దానికి బూజు త్వరగా పట్టదు, తాబేలుకు గోళ్ల పట్టు కూడా దొరుకుతుంది. పైన వేడి బల్బును పగలంతా వెలిగించి ఆ చోటు పూర్తిగా పొడిగా ఉండేటట్టు చూడండి. డిప్పకు బూజు తెగులు రాకుండా ఉండటానికీ అది అవసరమే.

నీటి మీద తేలే వాటిని తీయడానికి, తాబేలును బయట పెట్టి, టిష్యూ పేపరును నీటిపై పరిచి మెల్లగా ఎత్తితే పురుగులన్నీ దానికి అంటుకుని వస్తాయి. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగవద్దు. క్లోరిన్ వల్ల అందులోని మేలుచేసే బాక్టీరియా చనిపోయి నీరు త్వరగా పాడవుతుంది. ట్యాంకు నుంచి తోడిన నీటిలోనే పిండండి. ఈ పనులేవీ వంటింటి సింకులో చేయవద్దు, తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి. తాబేళ్ల ద్వారా సాల్మొనెల్లా అనే, విరేచనాలు కలిగించే బాక్టీరియా సోకే అవకాశం ఉంది.

ఇంత చేసిన తరువాత కూడా ఎక్కడో ఒకటీ అరా స్ప్రింగ్‌టెయిల్ ఎగురుతూ కనిపిస్తే నేనైతే పట్టించుకోను. మళ్లీ గుంపుగా కనిపిస్తే మాత్రం ముందుగా ఫిల్టరు వెనుక, రాళ్ల సందుల్లో ఇరుక్కున్న మేత కోసం వెతకండి.