ఇతరుల క్విల్టును నీ ఫ్రేముకు ఎక్కించే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీవు ఫ్రేముకు బిగించిన క్విల్టు మీద తల కదుపుతూ కుట్టే లాంగ్‌ఆర్మ్ మిషను కొన్నావనీ, పన్నెండు అడుగుల ఫ్రేము కోసం ఒక గది మొత్తం ఖాళీ చేశావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇంతవరకు నీవు అతికిన క్విల్టులనే, పై గుడ్డ, మధ్య పొర, అడుగు గుడ్డ మూడూ కలిపి, కుట్టుకున్నావు. ఇకమీదట గిల్డులో, అంటే క్విల్టు కుట్టేవారి సంఘంలో, పరిచయమైనవారు ముక్కలు అతికి తెచ్చే టాపులను, అంటే పై గుడ్డలను, డబ్బు తీసుకుని పూర్తిచేసి ఇవ్వాలని, అందులోనూ ఒక్కో టాపుకు తగ్గట్టు విడిగా ఆలోచించి కుట్టే కస్టమ్ పనే చేయాలని ఉందని రాశావు. నేను సెయింట్ లూయిస్‌లో పదిహేడేళ్లుగా చేస్తున్న పని ఇదే కాబట్టి, నీ ఉత్తరానికి తొందరగా కాకుండా వివరంగా జవాబు రాయాలనిపించింది.

నీ క్విల్టులో అతుకు వంకరపోతే అది నీకు, నీ మిషనుకు మధ్య ఉన్న సంగతి. ఇతరుల టాపు అలా కాదు. దాన్ని తెచ్చే మనిషి ఆరు నెలలో, ఆరేళ్లో రాత్రిపూట కూర్చుని ముక్కముక్కనూ పావు అంగుళం అతుకుతో కలుపుకుంటూ వచ్చి ఉంటుంది. ఒక్కోసారి మొదలుపెట్టింది ఆమె కాదు, చనిపోయిన వాళ్ల అమ్మమ్మ అయి ఉంటుంది. ఆ టాపు మీద నీ కుట్టు పడిన తరువాత విప్పినా సూది రంధ్రాలు మిగులుతాయి. అందువల్ల మిషను నడపడంలో నేర్పు కన్నా ముందు, టాపును చదవడంలో ఓపిక అలవరచుకోమని నా మాట.

టాపు చేతికి వచ్చిన రోజునే, ఇచ్చిన మనిషి ఎదురుగా ఉండగానే, పెద్ద బల్ల మీద పరచి ముందువైపూ వెనకవైపూ చూడు. వెనకవైపు అతుకులు ఏ పక్కకు ఇస్త్రీ చేశారో, ఎక్కడ విడిపోయాయో, ముదురు రంగు దారపు పోగులు తెల్లగుడ్డ కింద చిక్కుకున్నాయో చూసి కత్తిరించమని చెప్పు, లేదా అనుమతి అడిగి నీవే కత్తిరించు. కుట్టిన తరువాత అవి తెల్లగుడ్డలోంచి నీడలా కనిపిస్తాయి, అప్పుడు తీయడానికి దారి ఉండదు. ఆ తరువాత కొలతలు తీసుకో. అడ్డంగా పైన, మధ్యలో, కింద. నిలువుగా ఎడమన, మధ్యలో, కుడివైపున. అడ్డం కొలతలు మూడూ, నిలువు కొలతలు మూడూ తమలో తాము కలవకపోతే బార్డరు, అంటే చుట్టూ అంచున కుట్టిన పట్టీ, అలలు పోయిందని అర్థం. క్విల్టు మధ్యగా కొలిచి ఆ పొడవుకే బార్డరు కత్తిరించుకోవాలి. చాలామంది పొడవాటి పట్టీని పక్కన పెట్టి కుట్టుకుంటూ పోయి, చివర మిగిలింది కత్తిరిస్తారు. అలా చేస్తే పట్టీ సాగి, మధ్యభాగం కన్నా రెండు మూడు అంగుళాలు ఎక్కువ వస్తుంది.

"మీరు మిషను మీద కుట్టేటప్పుడు అదే సర్దుకుంటుంది కదా" అని దాదాపు ప్రతివారూ అంటారు. కొంచెం వదులైతే సర్దుకుంటుంది: పిన్నులతో ఆ వదులును పొడవునా సమంగా పంచి, మధ్య పొరగా కాస్త ఎత్తుగా లేచే ఉన్ని బ్యాటింగ్ వాడి, అక్కడ కుట్టును కొద్దిగా దట్టం చేస్తే గుడ్డ కుదురుకుంటుంది. మూడు అంగుళాల వదులు మాత్రం కుదరదు. మడతలు పడక తప్పదు. ఆ మాట మొదటిరోజునే మెత్తగా, స్పష్టంగా చెప్పి, బార్డరు విప్పి మళ్లీ కుట్టుకుని తెస్తారా, మడతలు పడినా ఫరవాలేదా అని అడిగి, వాళ్ల జవాబును కాగితం మీద రాసి సంతకం తీసుకో. ముందుగా చెప్పిన లోపం సలహా అవుతుంది, కుట్టిన తరువాత చెప్పినది సాకు అవుతుంది. నేను మొదటి రెండేళ్లలో మొహమాటపడి చెప్పకుండా తీసుకున్న టాపులే నన్ను ఎక్కువ ఏడిపించాయి.

అడుగు గుడ్డ, అంటే బ్యాకింగ్, టాపు కన్నా నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. ఫ్రేము కడ్డీకి ఉండే లీడరు గుడ్డకు పిన్ను చేయడానికీ, పక్కల క్లాంపులు పట్టడానికీ, దారం టెన్షన్ పరీక్షించుకోవడానికీ ఆ జాగా కావాలి. మూలలు సరిగా తొంభై డిగ్రీలు ఉన్నాయో లేదో కూడా చూడు; వంకరగా కత్తిరించిన బ్యాకింగ్ ఒకవైపు వదులుగా, ఒకవైపు బిగువుగా చుట్టుకుని వెనకాల మడతలు పెడుతుంది. బ్యాటింగ్ విషయంలో నా అలవాటు చెబుతాను: రోజూ వాడి ఉతికేవాటికి ఎనభై పాళ్లు నూలు, ఇరవై పాళ్లు పాలిస్టరు ఉన్నది, కుట్టిన ఆకారం పైకి ఉబ్బి కనబడాలంటే ఉన్ని. రెండూ మన దగ్గరే ఉంచుకుని చేతితో తాకి చూడనిస్తే, ఎంచుకోవడం వాళ్లకు తేలిక.

ఇక కస్టమ్ పని సంగతి. అంచు నుంచి అంచు వరకు ఒకే నమూనాను వరుసలుగా కుట్టడాన్ని ఎవరూ తక్కువగా చూడకూడదు. పిల్లల మంచం మీదికో, అచ్చుబొమ్మలతో నిండిన గుడ్డలతో చేసినదానికో అదే తగినది, అలాంటిది వచ్చినప్పుడు కస్టమ్ వద్దని నేనే చెబుతాను. కస్టమ్ అంటే ప్రతి బ్లాకునూ, అంటే ముక్కలు అతికి చేసిన ఒక్కో చతురస్రాన్నీ, ప్రతి బార్డరునూ విడిగా ఆలోచించి కుట్టడం. టాపును గోడకు వేలాడదీసి రెండు మూడు రోజులు వచ్చిపోతూ చూడు. చూసేవారి కన్ను ఎక్కడ నిలవాలని అతికిన మనిషి అనుకుందో, ఏది ముందుకు రావాలో, ఏది వెనక్కి తగ్గాలో అప్పుడే తెలుస్తుంది. నక్షత్రం ముందుకు రావాలంటే దానిలో కుట్టు తక్కువగా ఉంచి, చుట్టూ ఉన్న ఖాళీ గుడ్డను దగ్గర దగ్గర గీతలతో అణచాలి. ఫొటో తీసి, ముద్రించి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పరచి చెరిగిపోయే పెన్నుతో గీసి చూసుకో. ఆ ప్లాస్టిక్ అంచుకు రంగు టేపు అంటించడం మరవకు, చెయ్యి జారి గీత టాపు మీద పడిందంటే చెరిపే మార్గం లేదు.

ముందుగా అతుకు గాడుల వెంబడి కుట్టి చట్రాన్ని నిలబెట్టు. అది కంటికి కనిపించని పని, ఎవరూ మెచ్చుకోరు, కానీ బ్లాకులు చతురస్రంగా నిలిచేది దానివల్లనే. ఆ తరువాతనే ఈకల, తీగల ఆకారపు కుట్టులూ, రూలరుతో గీసే వంపులూ. ఒకచోట పావు అంగుళం ఎడంతోనూ, పక్కనే ఆరు అంగుళాల ఎడంతోనూ కుడితే దట్టమైన చోటు కుంచించుకుపోయి క్విల్టు నేలమీద సమంగా పరుచుకోదు. నీకు ఈకలు చక్కగా వస్తాయని తెలుసు. అయినా చేతితో అతికిన పాతకాలపు షడ్భుజాల పూలతోట టాపు వచ్చినప్పుడు వాటిని పక్కన పెట్టు. ఆ టాపుకు ముక్కల అంచు వెంబడి సన్నని వంపు గీతలే చాలు. చూసినవారు మొదట నీ కుట్టును మెచ్చుకుంటే, అక్కడ నీవు కాస్త ఎక్కువ మాట్లాడావనే నేను అనుకుంటాను.

గుర్తు పెట్టే పెన్నుల గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్ను కొత్తగా వచ్చినప్పుడు, లేతరంగు టాపు మీద దానితో గీతలు గీసి, కుట్టి, ఇస్త్రీతో చెరిపి, జనవరి నెలలో మిన్నెసోటాలో ఉన్న దాని సొంతదారుకు పార్సిల్ చేశాను. గడ్డకట్టే చలిలో దారిలో ఉన్న ఆ పెట్టెను విప్పేసరికి గీతలన్నీ తిరిగి కనిపించాయని ఆవిడ ఫోను చేసింది. ఆ సిరా వేడికి రంగు కోల్పోతుంది తప్ప గుడ్డలోంచి పోదు. నీళ్లకు పోయే నీలం పెన్నుకు దీనికి విరుద్ధమైన గుణం ఉంది. చన్నీళ్లతో పూర్తిగా కడగకముందే ఇస్త్రీ తగిలితే అది నిలిచిపోతుంది. ఆ టాపు గుడ్డ ముక్కనే ఒకటి అడిగి తీసుకుని, దాని మీద పరీక్షించకుండా ఏ పెన్నూ వాడకు.

మనవాళ్లు తెచ్చే చీరల విషయం వేరుగా చెప్పాలి. అమ్మ నూలు చీరలతో క్విల్టు చేయించుకోవాలని ఇక్కడి తెలుగువారు నా దగ్గరకు వస్తుంటారు. మన ఊళ్లలో పాత చీరలను పొరలుగా పరచి చేతితో బొంత కుట్టినప్పుడు, అరిగిన గుడ్డ బరువును ఆ పొరలన్నీ పంచుకుంటాయి. ఇక్కడ ఒక్క పొర చీర ముక్క మిషను సూది దెబ్బను ఒంటరిగా తట్టుకోవాలి. అందుకని వెనకాల ఇస్త్రీ వేడికి అంటుకునే పలుచని గుడ్డ వేసి అతకమని ముందే చెప్పు. సూది సన్నది వాడు, కుట్టు దట్టం చేయకు. ఎరుపు, నీలి రంగు ముక్కలనూ, కలంకారీనీ తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడు. రంగు దిగితే ఉతకకుండా దేనినీ అతకవద్దని చెప్పు.

ధర అడగడానికి నీకు సిగ్గుగా ఉందన్నావు. లెక్క వేసి చూపిస్తాను. అరవై అంగుళాల వెడల్పు, ఎనభై అంగుళాల పొడవు ఉన్న టాపు 4,800 చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి నాలుగు సెంట్లు తీసుకుంటే 192 డాలర్లు వస్తాయి. గోడ మీద చూడడం, గీయడం, ఎక్కించడం, కుట్టడం, దారపు చివరలు లోపలికి దాచడం కలిపి ఇరవై గంటలు పట్టిందనుకుంటే గంటకు పది డాలర్లు కూడా రావడం లేదు. అందులోంచే దారమూ, సూదులూ, మిషను వాయిదా కట్టాలి. అందువల్ల మొదటి పది పనులకూ గంటలు నిజాయితీగా రాసిపెట్టుకో. ఆ పుస్తకం చూసి ధర నిర్ణయించు, స్నేహితుల మొహం చూసి కాదు.

మిషనుతో కుట్టినది అసలైన క్విల్టు కాదనేవారు నీకూ తగులుతారు. బాధపడకు. కెంటకీలోని పడూకాలో జరిగే పెద్ద పోటీలో 1989లో కారల్ బ్రయర్ ఫాలర్ట్ మిషనుతో క్విల్ట్ చేసిన పనికి ప్రదర్శన మొత్తంలో ఉత్తమ బహుమతి వచ్చింది; అంతకుముందు ఆ బహుమతి అలాంటి పనికి రాలేదు. వీలైతే వసంతకాలంలో ఆ ఊరికి రా, కలిసి వెళదాం. ప్రదర్శనలో తెల్లని చేతిజోళ్లు వేసుకున్నవారు అడిగితే క్విల్టు అంచు ఎత్తి వెనకవైపు చూపిస్తారు. పై దారం, బాబిన్ దారం ఎక్కడ ముడిపడాలో నాకు అక్కడే బాగా అర్థమైంది.

పని పూర్తయ్యాక తిరిగి ఇచ్చేటప్పుడు, అతికినవారి పేరు, క్విల్ట్ చేసినవారి పేరు రెండూ లేబులు మీద ఉండాలని అడుగు. పోటీకి పంపేటప్పుడూ అంతే. ఆమె పేరు ముందు ఉండనీ.

మొదటి టాపు నీ బల్ల మీదకు వచ్చిన రోజున, ఫ్రేముకు ఎక్కించకముందే, ముందువైపూ వెనకవైపూ ఫొటోలు తీసి నాకు పంపు. ఆరు కొలతలూ రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ